రాగుల కళ్లంలో పెళ్లి పందిరి

2007 మాఘమాసంలో మా స్నేహితుల పెళ్లి బెంగళూరు పక్కన దేవనహళ్లి దగ్గర ఒక పల్లెలో, రాగులు నూర్చే కళ్లంలో జరిగింది. కల్యాణ మండపం లేదు, వంటకు కాంట్రాక్టు లేదు, అలంకరణకు మనుషులను మాట్లాడుకున్నదీ లేదు. పందిరి వేసినవాళ్లూ, పూలు కట్టినవాళ్లూ, పూర్ణం రుబ్బినవాళ్లూ, విస్తళ్లు పరిచినవాళ్లూ, చివరికి అంట్లు తోమినవాళ్లూ అందరూ ఇంటివాళ్లే, ఊరివాళ్లే, బెంగళూరు నుంచి వెళ్లిన మేమే. ఆ తర్వాత చాలా పెళ్లిళ్లు చూశాను. పెద్ద పెద్ద హాళ్లలో కుర్చీల్లో కూర్చుని, అక్షింతలు వేసి, భోంచేసి, ఫొటో దిగి ఇంటికి వచ్చాను. వాటిలో ఏ పెళ్లిలో ఏ కూర వడ్డించారని ఎవరైనా అడిగితే చెప్పలేను. కళ్లంలో జరిగిన ఆ పెళ్లిలో మాత్రం ఏ మూల రాట ఎవరు పాతారో ఈ రోజుకీ చెప్పగలను.

పెళ్లికూతురూ నేనూ అప్పట్లో బెంగళూరు మల్లేశ్వరంలో ఒకే గదిలో అద్దెకు ఉండేవాళ్లం. పెళ్లికొడుకు మా ఆఫీసులోనే పనిచేసేవాడు, గుంటూరు జిల్లా వాడు. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఉగాది కార్యక్రమానికి మేమంతా కలిసి వెళ్లినప్పుడు వాళ్లిద్దరికీ మాటలు కలిశాయి. ఏడాది తిరిగేసరికి రెండు ఇళ్లలోనూ పెద్దవాళ్లు ఒప్పుకున్నారు. అతనికి తండ్రి లేడు. ఇంటర్ చదివేటప్పుడే పోయారు. తల్లి బట్టలు కుట్టి చదివించింది. పెళ్లికోసం ఆమె చేత అప్పు చేయించకూడదని అతను, కట్నం మాట ఎవరి నోటా రాకూడదని ఈమె, ఇద్దరూ ముందే గట్టిగా అనుకున్నారు. మరి పెళ్లి ఎక్కడ, ఎలా అన్నదే మిగిలింది.

దానికి జవాబు అమ్మాయి తాత దగ్గర దొరికింది. దేవనహళ్లి, హోసకోటె, చిక్కబళ్లాపురం, కోలారు చుట్టుపక్కల తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అమ్మాయి వాళ్లదీ అలాంటి ఇల్లే. రెండెకరాల మల్బరీ తోట, ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డు, కాస్త రాగి చేను. పెళ్లి ఖర్చుల గురించి ఇంట్లో మాటలు నడుస్తుంటే తాత అన్నాడట: "సంక్రాంతికే నూర్పిళ్లు అయిపోయాయి, కళ్లం ఖాళీ. ఈ పంట పట్టుగూళ్లు అమ్మేశాక షెడ్డు ఖాళీ. ఊళ్లో మనుషులు ఎక్కడికీ పోలేదు. మండపం మనకెందుకు?"

పట్టుపురుగుల ఇంట్లో పెళ్లి పెట్టుకోవడానికి పంటకూ పంటకూ మధ్య విరామం చూసుకోవాలి. పురుగులు మేత మేసే రోజుల్లో ఆ ఇంటికి తీరిక ఉండదు. గుడ్డులోంచి వచ్చిన పురుగు గూడు కట్టేదాకా దాదాపు నాలుగు వారాలు పడుతుంది. చివరి వారంలో అవి రాత్రీ పగలూ తింటూనే ఉంటాయి. షెడ్డు తలుపు తీసి నిలబడితే ఆకు కొరికే చప్పుడు చిన్న వాన కురుస్తున్నట్టు వినిపిస్తుంది. బయటివాళ్లను లోపలికి రానివ్వరు. వాళ్ల చేతులకూ కాళ్లకూ అంటుకుని రోగం వస్తే పంటంతా పోతుందని భయం. అందుకే లేత పసుపుపచ్చ గూళ్లు సంతకు చేరి, షెడ్డు కడిగి, బ్లీచింగ్ పొడి చల్లి, మళ్లీ కొత్త గుడ్లు తెచ్చేలోపు ఉన్న రోజుల్లో ముహూర్తం ఉందేమో చూడమని పురోహితుణ్ని అడిగారు. మాఘమాసంలో ఒకటి దొరికింది. తెల్లవారుజామున.

అప్పటికి దేవనహళ్లి దగ్గర బెంగళూరు కొత్త విమానాశ్రయం పని జోరుగా సాగుతోంది. 2008 మే నెలలో అక్కడి నుంచి విమానాలు ఎగరడం మొదలైంది కానీ, మేం వెళ్లివచ్చిన ఆ చలికాలంలో దారి పొడవునా ఎర్రమట్టి గుట్టలూ, రోడ్డు వెడల్పు పనులూ, లారీలూ ఉండేవి. శుక్రవారం సాయంత్రం మెజెస్టిక్‌లో బస్సెక్కి, హెబ్బాళ, యలహంక దాటి దేవనహళ్లిలో దిగేసరికి తలమీద ఇంత దుమ్ము. అక్కడి నుంచి ఊరికి ఆటో. మా గుంపులో శ్రీకాకుళం వాళ్లు, నెల్లూరు వాళ్లు, కరీంనగర్ వాళ్లు, అనంతపురం వాళ్లు ఉన్నారు. చాలామందికి పల్లె కొత్త కాదు. కానీ చదువు పేరుతో ఊరు వదిలినవాళ్లం. పెళ్లి పనుల వయసు వచ్చేసరికి హాస్టళ్లలో ఉన్నాం. అందుకే ఆ ఇంట్లో ఎవరు ఏ పని చెబితే ఆ పని చేయడానికి అందరం ఉబలాటపడ్డాం.

మొదటి పని పందిరి. నాలుగు మూలలకూ, మధ్యలో వరుసలకూ నీలగిరి గుంజలు. ఆ చుట్టుపక్కల నీలగిరి తోపులకు కొదవ లేదు. కప్పుకు కొబ్బరాకు తడకలు. మట్టను నిలువునా రెండుగా చీల్చి, నీళ్ల తొట్టిలో నానబెట్టి, ఆకును ఒకదాని కింద నుంచి ఒకదాని మీదికి అల్లుకుంటూ పోవాలి. చూడటానికి తేలిక. అల్లేవాళ్లకు తెలుస్తుంది, మొదటి నాలుగు ఆకులు బిగువుగా పడకపోతే తడక మొత్తం జారిపోతుందని. ఎదురింటి పెద్దాయన కింద కూర్చుని, మట్టను కాలి బొటనవేలితో తొక్కిపట్టి, మాట్లాడుతూ మాట్లాడుతూనే తడకలు అల్లి పక్కన పడేసేవాడు. మా కరీంనగర్ స్నేహితుడు ఆయన పక్కనే కూర్చుని సాయంత్రానికి పని పట్టుకున్నాడు. "నీకు ఉద్యోగం పోయినా ఫర్వాలేదు నాయనా" అని ఆయన మెచ్చుకుంటే వాడి ముఖం వెలిగిపోయింది.

ఈశాన్యం మూల మొదటి రాట. గుంతలో పాలు పోసి, నవధాన్యాలు పసుపు గుడ్డలో మూటకట్టి, మామిడి మండలూ నేరేడు మండలూ రాటకు చుట్టి, పసుపు కుంకుమ పెట్టి నిలబెట్టారు. ఆ రాటను పట్టుకున్నవాళ్లలో పెళ్లికూతురి మేనమామ, పక్కింటి కుర్రాళ్లు, మా స్నేహితులు ఉన్నారు. నైరుతి మూల గుంజ ఒకచోట రాయి తగిలి దిగలేదు. తాత గడ్డపార అందుకుని తనే దిగాడు. డెబ్బై దాటిన మనిషి. ఎవరూ వద్దనలేదు, ఆయన వినేవాడూ కాదు. ఆ రాయిని పెకలించి, పక్కన పెట్టి, "పోయించుకున్న చెమట ఊరికే పోదు, ఇది పొయ్యికి పనికొస్తుంది" అన్నాడు. అలాగే వాడారు కూడా.

పెళ్లి పీటల వెనక ఏం పెట్టాలన్న చర్చ వచ్చింది. పూల తెర కట్టాలంటే ఖర్చు. అప్పుడు పెళ్లికూతురి నాన్న షెడ్డులోంచి చంద్రికలు తెచ్చి ఎండలో నిలబెట్టాడు. పట్టుపురుగులు గూడు కట్టడానికి వాడే వెదురు చాపలవి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. వాటి మీద సన్నటి వెదురు పట్టీని సుడులు సుడులుగా తిప్పి నిలువుగా బిగిస్తారు. ఆ సుడుల సందుల్లో పురుగులు గూళ్లు అల్లుకుంటాయి. కడిగి ఆరబెట్టిన చంద్రికలను వరుసగా నిలబెట్టి చూసేసరికి మేమంతా చప్పట్లు కొట్టాం. సుడి మధ్యలో ఒక్కొక్క బంతిపువ్వు గుచ్చాం. అంతే. ఆ ఇంటికి అన్నం పెట్టే వస్తువే ఆ అమ్మాయి వెనక నిలబడింది. తర్వాత ఎంతోమంది ఆ ఫొటోలు చూసి, ఏ డెకరేషన్ వాళ్లను పిలిచారని అడిగారు.

కళ్లం నేలను ఆడవాళ్లు పేడతో అలికారు. రాగులు నూర్చే నేల కాబట్టి ముందే గట్టిగా ఉంది, అలికాక నున్నగా అయింది. అంచుల్లో బియ్యప్పిండి ముగ్గులు. పక్కనే రాగిగడ్డి వామి. చిన్నపిల్లలు దాని మీద నుంచి జారుతూ, తిట్లు తింటూ, మళ్లీ ఎక్కుతూ ఉండేవారు.

పెళ్లికి ముందు పసుపు దంచిన రోజు గురించి కాస్త వివరంగా చెప్పాలి. పెళ్లికొడుకు వాళ్లు గుంటూరు నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి యలహంకలో దిగారు. ఊళ్లో రెండు ఇళ్లు వాళ్లకు విడిది. రెండు తంతులూ ఒకేచోట చేద్దామని, రోలూ రోకలీ అమ్మాయి వాళ్ల వాకిట్లో పెట్టారు. రోకలికి పసుపు రాసి, తోరం కట్టారు. ముత్తయిదువలు చుట్టూ చేరారు. పెళ్లికొడుకు తల్లి వసారా స్తంభం వెనక, బియ్యం బస్తాల పక్కన నిలబడింది. ఆమెను ఎవరూ పొమ్మనలేదు. అక్కడ నిలబడాలని ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేకుండానే లోకం ఎప్పుడో నేర్పేసింది. తన కొడుకు పెళ్లిని అంత దూరం నుంచి చూసుకోవడానికి ఆమె సిద్ధపడే వచ్చిందని ఆ నిలబడిన తీరులోనే తెలిసిపోయింది.

అవ్వ, అంటే పెళ్లికూతురి నాయనమ్మ, పీట మీద నుంచి లేచింది. నెమ్మదిగా నడుచుకుంటూ వసారాలోకి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఆ పిల్లవాణ్ని ఒంటి చేత్తో ఇంతవాణ్ని చేసింది నువ్వు. మొదటి పోటు నీదే పడాలి" అంది. వాకిట్లో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఒక బంధువు ఏదో అనబోయింది. అవ్వ ఆమెవైపు తిరిగి, "నా ఇంటి వాకిలి, నా మనవరాలి పెళ్లి. శుభం ఎవరి చేతిలో ఉంటుందో నాకు తెలుసు" అంది. రోకలి పెళ్లికొడుకు తల్లి చేతికిచ్చింది. ఆమె మొదటి పోటు వేసినప్పుడు చేతులు వణికాయి. రెండో పోటుకు నిలదొక్కుకున్నాయి. ఆ తర్వాతే మిగతావాళ్లు రోకలి అందుకున్నారు, పాట అందుకున్నారు.

భర్త పోయిన ఆడమనిషిని బిడ్డల పెళ్లిలో వెనక్కు నెట్టే ఆచారం మీద నేను చదివినవీ విన్నవీ చాలా ఉన్నాయి. సంస్కర్తలు వందేళ్లకు పైగా పోరాడిన విషయమది. కానీ సంతకం కూడా సరిగా చేయలేని ఒక ముసలమ్మ, ఏ ఉపన్యాసమూ ఇవ్వకుండా, నడిచివెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకురావడం నా కళ్లముందు జరిగింది. మండపంలో, గంట లెక్కన అద్దె నడుస్తూ, వీడియో తీసేవాడు తొందరపెడుతూ ఉంటే ఆ నాలుగు అడుగులు నడిచే వ్యవధి ఎవరికీ ఉండేది కాదని నాకు గట్టి నమ్మకం.

పూలకోసం మేం బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌కు వెళ్లాం. బంతిపూలు ఊళ్లోనే ఉన్నాయి. పక్క చేను వాళ్లు రెండు బస్తాలు కోసి ఇచ్చి డబ్బు తీసుకోలేదు. కాకడాలు, కనకాంబరాలు, మరువం, దండలకు లిల్లీలు మాత్రం కొనాలి. తెల్లవారక ముందే మార్కెట్‌కు చేరితే, చిక్కబళ్లాపురం, కోలారు వైపు నుంచి వచ్చిన వ్యాన్లు అప్పటికే ఖాళీ అవుతూ ఉంటాయి. తడి గోనెలు, నేలంతా నలిగిన రేకులు, కన్నడం, తమిళం, తెలుగు కలగలిపి కేకలు. మనకు కావలసిన ధరకు తెలుగులో బేరమాడితే తెలుగులోనే జవాబు వస్తుంది. ఆ మార్కెట్ ఉన్న చోట ఒకప్పుడు సిద్ధికట్టె అనే చెరువు ఉండేదట. పసుపుకొమ్ములు, బాసికాలు, అడ్డుతెరకు గుడ్డ, కొబ్బరి గిన్నెలు లాంటి సామాను అక్కడికి దగ్గర్లోనే బళేపేటలో దొరికింది. చీర అంతకుముందే చిక్కపేటలో తీసుకున్నారు. శుభలేఖలు సుల్తాన్‌పేటలో కొన్న కాగితం మీద మేమే చేత్తో రాశాం. కొన్ని మాత్రం అచ్చు వేయించాం. వివాహాలన్నీ నమోదు చేయించాలని 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది కదా, రిజిస్ట్రారు ఆఫీసులో చూపించడానికి పనికొస్తాయని.

ఆ మధ్యాహ్నం పట్టుపురుగుల షెడ్డులో చాపలు పరిచి పూలు కట్టాం. దారం వాడనివ్వలేదు అవ్వ. దారం పువ్వు మెడ కోస్తుందట. ఎండిన అరటి నార నీళ్లలో నానబెట్టి, గోటితో సన్నగా చీల్చి ఇచ్చింది. రెండు కాకడాలు ఇటు, రెండు అటు, కాడలు మధ్యలో కలిసేలా పెట్టి, నారను వేలి చుట్టూ తిప్పి, ఆ వలయంలోంచి కాడలు దూర్చి లాగాలి. లాగడంలోనే ఉంది కిటుకు. గట్టిగా లాగితే కాడ తెగుతుంది, వదులైతే తెల్లారేసరికి పువ్వు రాలిపోతుంది. "పాపా, చెవి దగ్గర పెట్టుకుని విను. ముడి పడ్డప్పుడు కాడ చిట్లిన చప్పుడు రాకూడదు" అంది అవ్వ. నిజంగానే వినిపిస్తుంది ఆ చప్పుడు. మధ్యమధ్య మరువం రెబ్బ, ఆ తర్వాత కనకాంబరాలు. కట్టిన మాలను మూరతో కొలిచి, అరటాకులో చుట్టి, తడిగుడ్డ కప్పిన బుట్టలో పెట్టేవాళ్లం. మా శ్రీకాకుళం అమ్మాయి తన ఊరి పెళ్లిపాట ఎత్తుకుంది. ఇక్కడి ఆడవాళ్లు వాళ్ల పాట పాడారు. వరుసలు వేరు, బావను ఆట పట్టించే మాటలు మాత్రం రెండు చోట్లా ఒకటే.

నీళ్ల సంగతి చెప్పకపోతే ఆ ఊరి కష్టం చెప్పనట్టే. దేవనహళ్లి చుట్టుపక్కల బావులు ఎప్పుడో ఎండిపోయాయి. అన్నీ బోర్లే, వందల అడుగుల లోతు. ఆ మోటారు తిరగాలంటే త్రీఫేజ్ కరెంటు కావాలి. అది పొలాలకు రోజులో కొన్ని గంటలే, అదీ తరచు రాత్రిపూటే. మూడు వందల మందికి భోజనం అంటే తాగడానికి, వంటకు, చేతులు కడగడానికి, అంట్లకు ఎంత నీరు కావాలి! అందుకని పెళ్లి ముందు రాత్రి మోటారు స్టార్టర్ పెట్టె దగ్గర కాపలా వేశారు. పెళ్లికొడుకు స్నేహితులు గొంగళ్లు కప్పుకుని, నెగడు వేసుకుని వంతులవారీగా కూర్చున్నారు. కరెంటు రాగానే పరుగు. సిమెంటు తొట్టి నిండింది, ఇత్తడి గంగాళాలు నిండాయి, ఊరివాళ్లు తెచ్చిన డ్రమ్ములు నిండాయి. ఆ రాత్రి అంతా తెల్లటి దీపం వెలుగులో పైపు పట్టుకుని నిలబడ్డవాళ్లలో పెళ్లికొడుకు కూడా ఉన్నాడని మాకు మరునాడు తెలిసింది.

ఇక వంట. కళ్లం వెనక గాలివాటు చూసి గాడిపొయ్యి తవ్వారు. మోకాలి లోతున పొడవాటి గుంత, గాలి వచ్చే వైపు నోరు, పైన వరుసగా గుండిగలు. చింతకట్టె పెట్టారు, నిప్పు నిలకడగా ఉంటుందని. ఊళ్లో పెళ్లి వంటలకు చెయ్యి తిరిగిన ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన చేతిలో తెడ్డు తప్ప కాగితం ముక్క లేదు. బియ్యం పది మందికి కేజీ లెక్క అని, పిల్లలను చూసి కొంత తగ్గించి, గుంటూరు వాళ్లను చూసి కొంత పెంచి చెప్పేశాడు. అన్నం ఉడకగానే గంజి వార్చి, వెదురు తట్టల్లోకి తీసి, చాపల మీద పరిచిన తెల్లటి పంచెల మీద రాశిగా పోశారు. ఆవిరిలోంచి అవతల మనిషి కనబడేవాడు కాదు.

తీపికి ఓళిగలు, అంటే బొబ్బట్లు. కందిపప్పు పలుకు మిగలకుండా, ముద్దవకుండా ఉడికించాలి. పైన తేరిన కట్టు వంచి పక్కన పెట్టాలి. పప్పులో బెల్లం వేసి దగ్గరపడేదాకా తిప్పి, యాలకులు వేసి, రుబ్బురోట్లో మెత్తగా రుబ్బాలి. పైపిండికి చిరోటి రవ్వ, మైదా, చిటికెడు పసుపు, చేతికి బరువు తెలిసేంత నూనె. రాత్రే కలిపి నానబెట్టారు. తెల్లవారుజామున నలుగురు ఆడవాళ్లు అరటాకు మీద తట్టి ఇస్తుంటే, ఇద్దరు పెనాల దగ్గర కాల్చి తీశారు. పక్కన పెట్టిన కట్టులో చింతపండు, కొబ్బరి, పూర్ణంలోంచి తీసిన పిడికెడు ముద్ద, మిరియాలు, ధనియాలు కలిపి కాచిన చారు రుచి మరెక్కడా దొరకదు. పప్పులో సారమంతా దాంట్లోనే ఉంటుంది. తీపీ పులుపూ కారమూ మూడూ కలిసి వచ్చే ఆ చారు కోసం గుంటూరు వాళ్లు మూడోసారి విస్తట్లో గుంట చేసుకున్నారు.

పులిహోర మీద మాత్రం మా గుంపులో గట్టి వాదన జరిగింది. ఆవ పెట్టనిదే అది పులిహోర కాదని కోస్తా వాళ్లు, మెంతులూ మిరపకాయలూ వేయించి కొట్టిన పొడి వేస్తేనే పులిహోర అని ఇటువైపు వాళ్లు. పెద్దాయన విని, రెండు బాణళ్లు పెట్టించాడు. రెండూ ఖాళీ అయ్యాయి. పెళ్లికొడుకు తల్లి ఇంటి నుంచి జాడీతో తెచ్చిన గోంగూర పచ్చడి ఆ ఊళ్లో వాళ్లకు ఎంత నచ్చిందంటే, గోంగూర గింజలు పంపమని ఆమె దగ్గర మాట తీసుకున్నారు. ఆమె పంపింది కూడా. ఇప్పటికీ ఆ ఊళ్లో రెండు మూడు పెరళ్లలో గుంటూరు గోంగూర మొలుస్తుంది.

ముహూర్తం వేళకు ఇంకా చీకటే. చలికి అందరూ శాలువాలు కప్పుకున్నారు. కరెంటు పోతుందేమోనని పెట్రోమాక్స్ దీపాలు సిద్ధంగా పెట్టారు. సన్నాయి, డోలు వాళ్లు దేవనహళ్లి దగ్గరి విజయపుర నుంచి వచ్చారు. మేనమామ పూలబుట్టలో పెళ్లికూతురిని తెచ్చి కూర్చోబెట్టాడు. అడ్డుతెర రెండు కొసలూ పట్టుకునే పని నాకూ, మా నెల్లూరు స్నేహితురాలికీ దక్కింది. అందువల్ల నాకు ఇద్దరి ముఖాలూ ఒకేసారి కనబడ్డాయి. ఒకరినొకరు ఇంకా చూసుకోలేదు, తెర మధ్యలో ఉంది. జీలకర్ర బెల్లం తలమీద పెట్టేటప్పుడు అతని చెయ్యి తెరపై నుంచి వెతుక్కుంటూ వచ్చింది, ఆమె తల కాస్త వంచి దారి ఇచ్చింది. తెర దించాం. తాళి కట్టేటప్పుడు మూడో ముడి వేయడానికి అతను వంగితే, తల్లి కళ్లు ఒత్తుకుంటూ అవ్వ భుజం పట్టుకుంది. తలంబ్రాల బియ్యంలో నూకలు ఏరినవాళ్లం మేమే కాబట్టి, అవి దోసిళ్లకొద్దీ వాళ్ల తలల మీద పడుతుంటే మాకు ఎంత సంబరమో చెప్పలేను.

పంక్తి భోజనాల్లో వడ్డన మాది. విస్తరి కొస ఎడమవైపు ఉండాలి, ముందు ఉప్పు పడాలి, నెయ్యి పడేదాకా ఎవరినీ తొందరపెట్టకూడదు. ఇవన్నీ పెద్దాయన ముందే చెప్పాడు. "అన్నం వేసేటప్పుడు వాళ్ల ముఖం చూడండి, చెయ్యి అడ్డం పెట్టేవరకూ వెయ్యండి. గరిట మీద లెక్క పెట్టకండి" అన్నాడు. పొడవాటి వరుసలో వంగి వంగి వడ్డించి నడుము పట్టేసింది. చివరి పంక్తి మాది. మాకు వడ్డించింది పెళ్లికొడుకూ పెళ్లికూతురూ. కొంగు బిగించి, పసుపు చేతులతో, ఇంకా బాసికం తీయకుండానే ఆమె నా విస్తట్లో ఓళిగ వేసి నెయ్యి పోసింది.

వెళ్లేవాళ్లకు తాంబూలంతో పాటు తాత ఒక చకోత అంటుమొక్క ఇచ్చాడు. మనం పంపరపనస అంటామే, అదే. ఎర్రటి తొనలతో తియ్యగా ఉండే దేవనహళ్లి చకోతకు తర్వాతి రోజుల్లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ అప్పటికే విమానాశ్రయం చుట్టూ భూములు లేఅవుట్లయిపోతూ ఆ చెట్లు పోవడం మొదలైంది. చెట్టు పోయేలోపు నాలుగు ఊళ్లకు చేరాలని తాత ఏడాది ముందు నుంచే కొమ్మలకు అంట్లు కట్టి పెంచాడు. పెళ్లి కుదిరినప్పుడు ఏం ఇద్దామా అని ఎవరూ ఆలోచించనక్కర లేకపోయింది. తాత ఇప్పుడు లేడు. కళ్లం ఉన్న భాగం కూడా రోడ్డులో కలిసింది. స్నేహితులిద్దరూ యలహంకలో ఉంటారు. వాళ్ల ఇంటి ముందు ఆ చకోత ఏటా కాస్తుంది, మా ఇంటికి కాయలు వస్తాయి.

అప్పగింతలు మామూలుగానే అందరినీ ఏడిపించాయి. దాని గురించి రాయను. ఆ మరునాడు చేసిన పని గురించి రాయాలనిపిస్తోంది. పెళ్లికి వాడిన గుండిగలు, బాణళ్లు, గంగాళాలు, బిందెలు, జల్లిగరిటెలు చాలామటుకు ఊరి ఇళ్లలోవే. తోమి ఎండలో బోర్లించాక, ఏది ఎవరిదో తేల్చి ఇళ్లకు చేర్చాలి. ప్రతి పాత్ర మీదా పేరు చెక్కి ఉంటుంది, ఎక్కువగా కన్నడ లిపిలో, కొన్ని పాతవాటి మీద తెలుగులో. రెండు లిపులూ దగ్గరి చుట్టాలే కాబట్టి మాకు చదవడం కష్టం కాలేదు. ఎవరి పెళ్లిలో ఎవరు పెట్టారో కూడా కొన్నింటి మీద ఉంది. ఒక ఇత్తడి బిందె మీద అవ్వ పుట్టింటి పేరు చూసి, ఇది ఇంకొకరి ఇంట్లో ఎలా ఉందని అడిగాను. ఆ ఇంటి అమ్మాయి పెళ్లిలో తనే పెట్టిందట. ఖాళీ పాత్ర తిరిగి ఇవ్వకూడదని ప్రతి దానిలోనూ రెండేసి ఓళిగలు, కొబ్బరికాయ, గుప్పెడు తలంబ్రాల బియ్యం పెట్టింది అవ్వ. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ముందు, పెద్ద గంగాళం ఇద్దరిద్దరుగా మోస్తూ మేము వెనక, ఊరంతా తిరిగాం. ప్రతి ఇంట్లోనూ కూర్చోబెట్టారు, మజ్జిగ ఇచ్చారు, కొత్త జంటకు పసుపు కుంకుమ పెట్టారు, మా అందరి ఊర్ల పేర్లూ అడిగి తెలుసుకున్నారు. చివరి ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. మరునాడు ఆఫీసు ఉంది. దేవనహళ్లిలో ఆఖరి బస్సు పోతుందని తెలిసి కూడా మేము ఆ ఇంటివాళ్లు పెట్టిన సజ్జరొట్టె, అనపగింజల కూర తిని, ఆ రాత్రికి షెడ్డులో చాపల మీదే పడుకుని, తెల్లవారి మొదటి బస్సుకు బెంగళూరు వచ్చాం.